ఒంటరిగా వియన్నాలో దిగితే: మొదటి మూడు రోజులు ఎలా గడపాలి

వియన్నాకు శనివారం సాయంత్రం చేరేలా విమానం టికెట్టు కొనకండి. నేను కొన్నాను. దిగి, ఊళ్లోకి వచ్చి, గది వెతుక్కుని, పెట్టె దించేసరికి రాత్రి ఎనిమిదయింది. ఆస్ట్రియాలో దుకాణాలు శనివారం సాయంత్రం ఆరింటికి మూతపడితే మళ్లీ తెరిచేది సోమవారం పొద్దుననే అని అప్పటికి నాకు తెలియదు. ఆదివారం పొద్దున చేగోడీలు, మధ్యాహ్నం చేగోడీలు, రాత్రికి చేగోడీల గుండ. తోడు ఎవరూ లేని చోట ఆకలి కూడా రెండింతలు వేస్తుంది.

కాబట్టి చూడవలసిన స్థలాల జాబితా కోసం వచ్చినవారు నిరాశపడతారు. మొదటి మూడు రోజుల్లో మీకు కావలసినవి ఒక ట్రామ్ స్టాపు, ఒక కొట్టు, కూర్చోవడానికి ఒక బల్ల. అవి మీవి అనిపించాక రాజభవనాల సంగతి చూసుకోవచ్చు. అవి వందల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి, ఎక్కడికీ పోవు.

పెట్టె సర్దేటప్పుడు

ముందుగా నెయ్యి డబ్బా బయటికి తీయండి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం వెంట తేవడాన్ని ఐరోపా సమాఖ్య ఒప్పుకోదు. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. తాజా కరివేపాకు, మామిడిపండ్లు కూడా వద్దు. నా ఆవకాయనూ కందిపొడినీ మాత్రం ఎవరూ అడ్డుకోలేదు. నెయ్యి లేకుండా కందిపొడి ఏమిటని బెంగపడకండి. అక్కడి సూపర్‌మార్కెట్లలో వెన్న పెట్టే అరల దగ్గర ‘బుటర్‌ష్మాల్జ్’ అనే డబ్బా ఉంటుంది. అది కాచిన వెన్నే. మన నెయ్యి వాసన పూర్తిగా రాదు గాని, వేడన్నంలో వేసుకుంటే ప్రాణం లేచి వస్తుంది.

గుండ్రటి రెండు పుల్లల ఫోను ఛార్జరు అక్కడి సాకెట్లో మామూలుగానే దూరుతుంది. మూడు పుల్లల ల్యాప్‌టాప్ ప్లగ్గు దూరదు. ఒక అడాప్టరు చాలు. స్నానాల గదిలో కాగితమే తప్ప నీటి పంపు ఉండదు కాబట్టి ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టుకోండి. ఇది చదివి నవ్వుకున్నవారే తర్వాత నన్ను తలుచుకుంటారు.

వీసా స్టిక్కరు ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. సరిహద్దు అధికారి తిరుగు ప్రయాణం టికెట్టు, బస చిరునామా, బీమా పత్రం, ఖర్చులకు డబ్బు చూపించమని అడగవచ్చు. షెంజెన్ వీసాకు, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసాకు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఆ కాగితం ఫోనులోనే కాక చేతి సంచిలో కూడా ఉంచండి. 2025 అక్టోబరు నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. క్యూ నెమ్మదిగా కదిలితే కంగారు పడకండి. ఇక్కడ బయలుదేరే ముందు పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఇంట్లో ఒకరికి పంపి పెట్టండి. ఒంటరి ప్రయాణంలో మీ రెండో జేబు వాళ్లే.

గది ఎక్కడ తీసుకోవాలి

వియన్నాలో 23 జిల్లాలున్నాయి. పిన్‌కోడులో మధ్య రెండు అంకెలు జిల్లా సంఖ్య. 1070 అంటే ఏడవ జిల్లా, 1100 అంటే పదవది. ఇది తెలిస్తే హోటళ్ల చిరునామాలు చూడగానే ఊరు కళ్లకు కడుతుంది. ఊరి నడిబొడ్డును చుట్టి ఉండే రింగ్ రోడ్డు లోపల ఉన్నది మొదటి జిల్లా, ఖర్చెక్కువ. రింగ్‌కూ, ‘గ్యుర్టెల్’ అనే బయటి వలయ రహదారికీ మధ్య మూడు నుంచి తొమ్మిది వరకు జిల్లాలు ఉంటాయి. రెండవది డాన్యూబ్ కాలువకు అవతలి ఒడ్డున ఉంది. మొదటిసారి వెళ్లేవారికి నా సలహా ఈ రెండు నుంచి తొమ్మిదిలో ఒకటి, అదీ మెట్రో స్టేషనుకు పది నిమిషాల నడక లోపల.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి

విమానాశ్రయం ష్వేషాట్‌లో ఉంది. సామాను తీసుకుని బయటికి రాగానే ఆకుపచ్చ రంగులో మెరిసిపోతూ ఒక ప్రత్యేక రైలు ప్రకటనలు మిమ్మల్ని పిలుస్తాయి. అది ఎక్కడా ఆగకుండా 16 నిమిషాల్లో వీన్ మిట్టె స్టేషనుకు చేరుస్తుంది. అదే స్టేషనుకు ఎస్7 అనే లోకల్ రైలు 25 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా చేరుతుంది, దాని టికెట్టు ఇందులో సగం కూడా ఉండదు. ఆ తొమ్మిది నిమిషాలు ఆదా చేసుకుని మీరు చేసేదేమీ లేదు. మీ గది ప్రధాన స్టేషను వైపు ఉంటే దూరప్రాంతపు రైళ్లు పావుగంటలో అక్కడ దింపుతాయి. ఒక్క జాగ్రత్త: ఊరి లోపల చెల్లే టికెట్టు విమానాశ్రయం దాకా చెల్లదు. ఆ బయటి ముక్కకు అదనపు టికెట్టు కలిపి కొనాలి.

మెట్రో స్టేషన్లలో గేట్లు ఉండవు. ఎవరూ ఆపరు. అలాగని ఉచితం అనుకోవద్దు. మామూలు దుస్తుల్లో తిరిగే తనిఖీదారులు పెట్టెలోకి ఎక్కి అడుగుతారు, టికెట్టు లేకపోతే జరిమానా వంద యూరోలు దాటుతుంది. పర్యాటకులు ఎక్కువగా దొరికిపోయేది టికెట్టు కొనకపోవడం వల్ల కాదు, కొన్న టికెట్టు మీద ముద్ర వేయకపోవడం వల్ల. కాగితం టికెట్టు మీద తేదీ, సమయం ముద్రించి లేకపోతే, ప్లాట్‌ఫారానికి దిగే దారిలో ఉన్న చిన్న నీలం పెట్టెలో దాన్ని దూర్చండి. టక్కుమని ముద్ర పడుతుంది. ఫోనులో కొన్నదానికి ఈ గొడవ లేదు. దిగాల్సిన స్టేషనులో తలుపు దానంతట అదే తెరుచుకుంటుందని నిలబడితే రైలు మిమ్మల్ని తీసుకుని ముందుకు పోతుంది. మీట నొక్కాలి, పాత పెట్టెల్లో అయితే పిడి లాగాలి. మెట్రోలో తినడం 2019 జనవరి నుంచి అన్ని లైన్లలోనూ నిషేధం, మీ చేగోడీలకు కూడా.

ఇంటి తలుపు అనే పరీక్ష

అపార్ట్‌మెంటులో గది తీసుకున్నవారు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవండి. చిరునామా 45/2/17 అని ఉంటే ఇంటి నంబరు 45, రెండవ మెట్లదారి, 17వ తలుపు అని అర్థం. వీధి గుమ్మం దగ్గర గంటల పలకపై చాలా చోట్ల పేర్లు ఉండవు, తలుపు నంబర్లే ఉంటాయి. మీ ఇంటివారి పేరు వెతుక్కుంటూ చలిలో నిలబడవద్దు.

తర్వాతది అంతస్తు. మనకు నేల అంతస్తు పైది మొదటి అంతస్తు. వియన్నా పాత భవనాల్లో నేల అంతస్తు తర్వాత ‘హోఖ్‌పార్టెర్’ రావచ్చు, దాని పైన ‘మెజానిన్’ రావచ్చు, ఆ తర్వాత గాని మొదటి అంతస్తు రాదు. వెనకటికి భవనానికి ఇన్ని అంతస్తులే అని నిబంధన ఉండేదనీ, యజమానులు కొన్నింటికి వేరే పేర్లు పెట్టి లెక్క తప్పించారనీ చెబుతారు. మూడంతస్తులు అనుకుని పెట్టె మోయడం మొదలుపెట్టినవాడికి ఆ తెలివితేటలు మెచ్చుకునే ఓపిక ఉండదు. గది తీసుకునేటప్పుడే లిఫ్టు ఉందా అని అడగండి.

అసలు ప్రమాదం మూడోది. గది తలుపు బయటివైపు తిప్పే పిడి ఉండదు, ఊరికే పట్టుకునే గుండు ఉంటుంది. తలుపు మూసుకుంటే తాళం పడ్డట్టే. నేను రెండో రోజు చెత్త పడేయడానికి చెప్పులేసుకుని కిందికి దిగాను. వెనక తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తాళంచెవి, ఫోను లోపల, నేను బయట. ఇద్దరు ఉన్న ఇంట్లో ఇది నవ్వుకునే విషయం. ఒక్కరే ఉంటే పక్కవాళ్ల గంట కొట్టి, సైగలతో కథంతా చెప్పి, గది యజమానికి ఫోను చేయించి, ఆవిడ వచ్చేదాకా మెట్ల మీద కూర్చోవాలి. అప్పటి నుంచి తాళంచెవి తాడుకు కట్టి మెడలో వేసుకున్నాను. చూడటానికి బడిపిల్లవాడిలా ఉంటుంది, ఉండనివ్వండి.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా భవనంలో నిశ్శబ్దం పాటించాలి. ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు మన గొంతులు ఎంత దూరం వినిపిస్తాయో మనకు తెలియదు, అక్కడి గోడలకు తెలుసు.

మొదటి సాయంత్రం: సంచి పట్టుకుని కొట్టుకు

పెట్టె దించిన వెంటనే పడుకోవద్దు. బిల్లా, స్పార్, హోఫర్ అనే సూపర్‌మార్కెట్లలో ఏదో ఒకటి దగ్గరలోనే ఉంటుంది. మామూలు రోజుల్లో రాత్రి ఎనిమిది అయ్యేసరికి చాలావాటికి తలుపులు వేస్తారు. బియ్యం, గుడ్లు, రొట్టె, ఉప్పు, పెరుగు తెచ్చుకోండి. పెరుగును అక్కడ ‘నాటుర్ యోగుర్ట్’ అంటారు. పక్కనే ‘జౌవర్‌రామ్’ అని అచ్చం అలాంటి డబ్బా ఉంటుంది, అది పుల్లటి మీగడ. నేను ఒకసారి దానితో మజ్జిగ చేయబోయాను. డబ్బులిచ్చే బల్ల దగ్గర సామాను మీ వైపు రాళ్లలా దొర్లుకుంటూ వస్తుంది. సంచిలో అక్కడే సర్దబోతే వెనకవారి చూపులు గుచ్చుకుంటాయి. అన్నీ బండిలోకి ఊడ్చుకుని పక్కకు వెళ్లి సర్దుకోండి.

నీళ్ల సీసాలు కొనవద్దు. వియన్నా కొళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటల నుంచి వస్తాయి. మొదటి కాలువ 1873లో, రెండవది 1910లో పూర్తయ్యాయి. రెండవ దానిలో నీళ్లు సుమారు 180 కిలోమీటర్లు పల్లానికి పారుతూ ఒకటిన్నర రోజులో ఊరు చేరతాయి. అలాంటి నీళ్లు కొళాయి తిప్పితే వస్తుంటే సీసాకు డబ్బు పెట్టడం పాపం. ఒకవేళ కొనక తప్పకపోతే ‘ష్టిల్’ అని రాసిన సీసా చూసుకోండి, లేకపోతే సోడా వస్తుంది.

మొదటి పొద్దు

వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు అక్కడి గడియారం మనకన్నా వెనక. అందువల్ల తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. దాంతో పోట్లాడకండి. ఆరింటికి బేకరీలు తెరుస్తారు. లోపలికి వెళ్తూ ‘గ్రూస్ గోట్’ అనండి. ఇది అలంకారం కాదు. పలకరించకుండా వేలు చూపించి అది కావాలి అనేవారికి అక్కడ ముఖం చిట్లిస్తారు, పలకరించినవారికి జర్మన్ రాకపోయినా పని జరిగిపోతుంది. ఒక ‘సెమ్మెల్’ రొట్టె, కాఫీ తీసుకుని మీ వీధి చుట్టూ నడవండి. మీ స్టాపు పేరు, మీ దగ్గర ఆగే ట్రామ్ రెండు చివరి స్టేషన్ల పేర్లు కాగితం మీద రాసుకోండి. మెట్రో, ట్రామ్‌లలో దిక్కును చివరి స్టేషను పేరుతోనే చెబుతారు: యూ3 మెట్రో లైను అంటే ఒక వైపు ఒట్టాక్రింగ్, మరో వైపు జిమ్మెరింగ్. ఫోను చచ్చిపోయిన రాత్రి ఆ కాగితమే ఇల్లు చేరుస్తుంది.

రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్ర మనిషి వెలుగుతుంటే ఆగండి. కాలిబాట మీద సైకిళ్లకు వేరే గీత ఉంటుంది. దాని మీద నిలబడి ఫొటోలు తీసేవారిని గంట కొట్టి తిట్టే హక్కు తమకు పుట్టుకతో వచ్చిందని అక్కడి సైకిలువాళ్ల నమ్మకం. ఎవరైనా ‘హాల్బ్ ద్రై’కి రండి అంటే అది మూడున్నర కాదు, రెండున్నర. మూడో గంటలో సగం అన్నమాట. నేను గంట ఆలస్యంగా వెళ్లాను.

రెండో రోజు: ఊరి నడుముకట్టు

24 గంటల టికెట్టు కొనుక్కుని ఒపేరా (సంగీత నాటకశాల) భవనం ముందు ఒకటో నంబరు ట్రామ్ ఎక్కండి. ఒకప్పుడు ఇక్కడ ఊరి చుట్టూ కోటగోడ ఉండేది. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ దాన్ని పడగొట్టమని ఆజ్ఞాపిస్తే ఆ జాగాలో ఈ రింగ్ రోడ్డు వచ్చింది. రాజభవనం, పార్లమెంటు, పురభవనం, విశ్వవిద్యాలయం అన్నీ కిటికీలోంచే కనబడతాయి. ష్వేడెన్‌ప్లాట్జ్‌లో దిగి, రెండో నంబరు ట్రామ్‌లో వలయంలోని మిగతా సగం తిరిగి ఒపేరా దగ్గరికే రండి. దిగి ఏ ఫొటో తీయాలా అని ఆలోచించకండి. ఈ చుట్టు పూర్తయితే ఊరు ఎటు నుంచి ఎటో అర్థమవుతుంది, ఈ రోజుకు అది చాలు.

ష్వేడెన్‌ప్లాట్జ్ దగ్గర నీళ్లు చూసి డాన్యూబ్ అనుకుని అమ్మకు ఫొటో పంపాను. అది కాలువ. అసలు నది యూ1 మెట్రోలో ఇంకా ముందుకు వెళ్తే వస్తుంది, డోనావ్‌ఇన్‌జెల్ అనే 21 కిలోమీటర్ల పొడుగు లంక దగ్గర దిగితే నదీ, నడవడానికి చోటూ రెండూ దొరుకుతాయి.

రింగ్ మీద 71 నంబరు ట్రామ్ కూడా కనబడుతుంది. అది 1874లో తెరిచిన పెద్ద శ్మశానం వైపు వెళ్తుంది, సంగీతకర్తలు బీథోవెన్, షూబర్ట్ సమాధులు అక్కడే. ఎవరైనా పోతే ‘71 ఎక్కాడు’ అంటారు వియన్నావాళ్లు. మనవాళ్లు ‘టికెట్టు తీసుకున్నాడు’ అంటారు కదా. ఆ మాట వినగానే ఈ ఊరివాళ్లతో నాకు ఏదో చుట్టరికం కలిసినట్టనిపించింది.

ఒంటరివాళ్ల కోసమే కట్టినట్టున్న కాఫీ హౌస్

కొత్త దేశంలో ఒక్కరే హోటల్లో బల్ల దగ్గర కూర్చోవడం చాలామందికి బెరుకు. వియన్నా కాఫీ హౌస్‌లో ఆ బెరుకు అక్కర్లేదు, అక్కడ సగం మంది ఒక్కరే వస్తారు. పేరుమోసిన కఫే సెంట్రల్ ముందు వరుస చూసి భయపడితే, గుంపెన్‌డోర్ఫర్ వీధిలో 1880 నుంచి ఉన్న కఫే ష్పెర్ల్ లాంటిదానికి వెళ్లండి. ఖాళీగా ఉన్న బల్ల చూసుకుని మీరే కూర్చోండి. ఉత్తినే ‘కాఫీ’ అని అడిగితే వడ్డించే పెద్దమనిషి జాలిగా చూస్తాడు. పాలు కలిపి, పైన నురగతో వచ్చే ‘మెలాంజ్’ మన నాలుకకు దగ్గర. వెండి పళ్లెంలో కాఫీతో పాటు గ్లాసు మంచినీళ్లు కూడా వస్తాయి.

ఆ ఒక్క కాఫీతో మీరు మూడు గంటలు కూర్చోవచ్చు. ఎవరూ లేవమనరు, బిల్లు కూడా తేరు. బిల్లు రాలేదని చిన్నబుచ్చుకోవద్దు, అడగకుండా తేవడమే అక్కడ మర్యాద కాదు. లేవాలనుకున్నప్పుడు ‘త్సాలెన్ బిట్టె’ అనండి. బిల్లుకు ఐదు నుంచి పది శాతం కలిపి ఆ మొత్తం నోటితో చెప్పి డబ్బివ్వాలి. బల్ల మీద చిల్లర వదిలి రావడం ఆ ఊరి పద్ధతి కాదు. కొన్ని చిన్న చోట్ల కార్డు తీసుకోరు కాబట్టి కొంత నగదు ఉంచుకోండి. ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు రూపాయల్లో లెక్కకట్టమంటారా అని తెర అడుగుతుంది. వద్దనండి, యూరోల్లోనే ఉండనివ్వండి. రూపాయల్లో అనగానే మారకపు రేటు మీ జేబుకు చిల్లు పెడుతుంది.

శాకాహారులకు ఒక మాట. చీజ్ వేసిన పిండి వంటకం ‘కేజెష్పెట్స్‌లె’, పాలకూర ఉండలు, మధ్యాహ్నం తక్కువ ధరకు దొరికే భోజనాల్లో కూరగాయల వంటకాలు బాగానే ఉంటాయి. కనిపించని చోట మాంసం ఉంటుంది: దోశ ముక్కలు తేలే ‘ఫ్రిట్టాటెన్’ సూప్‌లో ఉన్నది గొడ్డు మాంసపు రసం. ఇంకా అన్యాయం ఏమిటంటే, ఉత్త ఆలుగడ్డల సలాడ్‌లో కూడా అదే రసం పోస్తారు. గుడ్డు తినని వారు మైదాతో చేసినదేదైనా అడిగి తినండి.

ఆదివారం, ఇంకా కొన్ని ఇబ్బందులు

ఇంతకీ ఆదివారం దొరికిపోతే ఏమి చేయాలి? ప్రధాన స్టేషను, వీన్ మిట్టె, ప్రాటర్‌ష్టెర్న్ లాంటి పెద్ద స్టేషన్లలో సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి. బేకరీల్లోనూ కొన్ని తెరుస్తారు. మందులు మాత్రం సూపర్‌మార్కెట్లో దొరకవు, తలనొప్పి మాత్రకు కూడా ‘అపోటేకె’ అనే మందుల దుకాణానికే వెళ్లాలి. రాత్రి, ఆదివారం ఏ దుకాణం వంతో మూసిన దుకాణం తలుపు మీద రాసి ఉంటుంది, 1455కు ఫోను చేసినా చెబుతారు. అంబులెన్సుకు 144, పోలీసులకు 133, ఏదీ గుర్తురాకపోతే 112.

పాస్‌పోర్టు పోతే ముందు పోలీసు స్టేషనులో ఫిర్యాదు కాగితం తీసుకుని, తర్వాత భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. అది ఒపేరాకు నడిచే దూరంలో, కెర్న్ట్‌నర్ రింగ్ మీద ఉంది. ఇంటికి పంపిన ఫొటోలు పనికొచ్చేది అప్పుడే. అదే ప్రాంతంలో పాతకాలపు జుట్టు టోపీ, జరీ కోటు వేసుకుని కచేరీ టికెట్లు అమ్మేవారు ఎదురవుతారు. దొంగలు కారు, కానీ ఒంటరిగా కనబడితే అంత తేలిగ్గా వదలరు. నవ్వి, ఆగకుండా నడవండి.

మూడో సాయంత్రం

ఆ కచేరీ టికెట్లవాళ్ల దగ్గర కొనవలసిన అవసరం ఎందుకు లేదంటే, అసలైన ఒపేరాలోనే నిలబడి చూసే టికెట్లు సినిమా టికెట్టు ధరకు దొరుకుతాయి. సెప్టెంబరు నుంచి జూన్ దాకా దాదాపు రోజూ ప్రదర్శన ఉంటుంది, జూలై, ఆగస్టుల్లో ఉండదు. టికెట్టు అదే రోజు అమ్ముతారు. లోపలికి వెళ్లగానే మీ చోటు ముందున్న కమ్మీకి కండువా కట్టండి. అది కట్టి ఉన్నంతసేపు ఆ చోటు మీదే, బయటికి వెళ్లి నీళ్లు తాగి రావచ్చు. కండువా లేక నేను మంకీ క్యాప్ కట్టాను, దాన్నీ గౌరవించారు. పాటల అర్థం కోసం కమ్మీ మీదే చిన్న తెర ఉంటుంది, దాన్ని ఇంగ్లీషుకు మార్చుకోవచ్చు. చలికోటు లోపలికి రానివ్వరు, సామాన్ల గదిలో ఇచ్చి వెళ్లాలి. మెత్తటి బూట్లు వేసుకోండి, మూడు గంటలు నిలబడాలి.

ఆట వదిలేసరికి పదిన్నర దాటినా పరవాలేదు. మామూలు రోజుల్లో మెట్రో అర్ధరాత్రి దాటాక కూడా కాసేపు నడుస్తుంది, శుక్ర, శనివారాల్లో రాత్రంతా ఉంటుంది. సామాన్ల గదిలో కోటు తిరిగి తీసుకునేటప్పుడు మెడలో తాళంచెవి ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకోండి.